కింద కుట్లు, పొట్ట మీద కుట్లు: ఒకే తల్లి, రెండు కాన్పులు

“మేడం, నాకు ఈసారి పెద్దాపరేషనే చెయ్యండి. నార్మల్ వద్దు.”

రెండో గర్భం, పదకొండో వారం. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఆమె అన్న మాట ఇది. వయసు 26. ఉత్తర తెలంగాణలో ఒక పల్లె, బీడీలు చుడుతుంది, భర్త గల్ఫ్‌లో ఉంటాడు. మొదటి పాపకు రెండేళ్ల ఐదు నెలలు. ఆ కాన్పు మరో ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నార్మల్‌గా జరిగింది. బీపీ లేదు, షుగర్ లేదు, థైరాయిడ్ లేదు. కాగితాల మీద చూస్తే ఇంతకంటే తేలికైన కేసు ఉండదు. మొదటిది నార్మల్ అయితే రెండోది ఇంకా సులువుగా అవుతుందని మేమంతా రోజూ చెప్పే మాటే.

నేనూ అదే చెప్పాను, ఓ పది నిమిషాల పాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద సగటు 21.5 మాత్రమే. ఈ అంకెల మధ్య పనిచేసే నాలాంటి డాక్టర్ దగ్గరికి నార్మల్ అయిన తల్లి వచ్చి ఆపరేషన్ అడిగితే, నొప్పుల భయమో ముహూర్తమో అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆమె అంతా విని తల ఊపింది. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు.

ఆధార్ కార్డు జిరాక్స్ తేవడానికి అత్తమ్మ బయటికి వెళ్లింది. అప్పుడు ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది: “గాలి ఆగుతలేదు మేడం. పాప పుట్టినప్పటి సంది.”

ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఇలాంటి మాట లోపలే దాచుకుని ఓపీకి వచ్చి, బీపీ చూపించుకుని, ఐరన్ మాత్రలు తీసుకుని వెళ్లిపోయే తల్లులు ఇంకెందరో ఉన్నారని నా నమ్మకం. వాళ్లకూ, వాళ్లను చూసే నర్సులకూ, డాక్టర్లకూ ఇది చేరాలి.

ఆమె చెప్పింది

మొదట గ్యాస్ ఒక్కటే అంది. నెమ్మదిగా అడుగుతూ పోతే మిగతావి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. దొడ్డికి వస్తున్నట్టు అనిపించిందంటే బాత్రూం దాకా పరుగెత్తాల్సిందే, రెండు మూడు నిమిషాలు కూడా ఆగదు. విరేచనాలు పట్టుకున్నప్పుడు రెండుసార్లు చీరలోనే అయిపోయింది. పాత చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి ఎప్పుడూ లోపల పెట్టుకుంటుంది. ఊరికి వెళ్లే రోజు పొద్దున్నించీ ఏమీ తినదు. దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేసింది, మైల అనిపిస్తుందట. బతుకమ్మకు రెండేళ్లుగా పోలేదు. వంగి చప్పట్లు కొట్టినప్పుడల్లా గాలి పోతుందేమోనని భయం. ఇంట్లో మాత్రం కాళ్ల నొప్పులని చెప్పింది. భర్తకు కూడా తెలియదు.

మలం, గ్యాస్ అదుపు తప్పడాన్ని కొలవడానికి మేం వాడే ప్రశ్నావళి ఒకటుంది. గట్టి మలం, పల్చటి మలం, గ్యాస్, ప్యాడ్ వాడకం, రోజువారీ జీవితం మీద ప్రభావం... ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 20. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు. ఆమెకు 9 వచ్చింది. ఆరోగ్యంగా కనిపించే ఇరవై ఆరేళ్ల అమ్మాయికి అది చాలా ఎక్కువ.

ఆమె అనుమతితో పరీక్ష చేశాను. కుడివైపు పాత కుట్టు మచ్చ కనిపించింది. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు దారి వెడల్పు చేయడానికి పెట్టే కోత అది, మనవాళ్లు ‘కింద కోత’ అంటారు. దాన్ని మధ్య గీత నుంచి బాగా పక్కకు, అరవై డిగ్రీల కోణంలో పెట్టాలి. ఆమెకు మాత్రం దాదాపు నిట్టనిలువునా మలద్వారం వైపే దిగింది. ఇంకొకటి చూశాను. మలద్వారం చుట్టూ చర్మం మామూలుగా నాడా బిగించిన సంచి మూతిలా చుట్టూతా ముడతలు పడి ఉంటుంది. ఆమెకు వెనకవైపు ముడతలున్నాయి, ముందువైపు లేవు, అక్కడ చర్మం నున్నగా ఉంది. వేలు పెట్టి బిగించమంటే వెనకా పక్కలా పట్టు తెలిసింది, ముందు మాత్రం ఖాళీగా అనిపించింది.

ఆ నాడా తెగిపోయింది. రెండేళ్ల క్రితమే తెగింది, అప్పుడు ఎవరూ చూడలేదు.

చిరుగుల్లో తేడా

నార్మల్ కాన్పులో కింద చిరగడం చాలా మామూలు విషయం. తొలి కాన్పయితే పది మందిలో తొమ్మిది మంది దాకా ఏదో ఒక గీతో చిరుగో పడుతుంది. చర్మం వరకే చిరిగితే అది మొదటి డిగ్రీ, చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. యోనికీ మలద్వారానికీ మధ్య ఉండే భాగంలోని కండరం కూడా చిరిగితే రెండో డిగ్రీ. మేం పెట్టే కోత కూడా లోతులో దీనికి సమానమే. కరిగిపోయే దారంతో కుడితే కొన్ని వారాల్లో మానిపోతుంది. నిజంగా భయపడాల్సింది మూడు, నాలుగు డిగ్రీలకే. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం తెగితే మూడు. దాని లోపలి పొర కూడా చిరిగితే నాలుగు.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015 మార్గదర్శకాల ప్రకారం అక్కడ ఈ పెద్ద చిరుగులు నార్మల్ కాన్పుల్లో మొత్తం మీద నూటికి 2.9. తొలి కాన్పు తల్లుల్లో 6.1. అంటే తక్కువే. కానీ ఎవరికి ఎక్కువ పడతాయో అదే చోట రాసి ఉంది: తొలి కాన్పు, నాలుగు కిలోలు దాటిన బిడ్డ, బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండడం, తోసే దశ బాగా సాగడం, బిడ్డ తలను పట్టి బయటికి లాగడానికి ఫోర్సెప్స్ లేదా వాక్యూమ్ పెట్టడం. ఆసియా మూలాలున్న తల్లులను కూడా ఆ జాబితాలో చేర్చారు. మన లేబర్ రూముల్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. ఈ చిరుగును అప్పుడే గుర్తించి, థియేటర్‌లో మంచి వెలుతురులో, నడుముకు మత్తు ఇచ్చి సరిగ్గా కుడితే నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ ఉండదు. కండరం తెగడం ఎంత మంచి డాక్టర్ చేతిలోనైనా జరగొచ్చు. దాన్ని చూడకుండా పైచర్మం కుట్టేసి పంపడం మాత్రం జరగకూడదు. తెగిన కండరం కొనలు రెండూ నాడా జారినట్టు లోపలికి లాక్కుపోతాయి. వెతికి పట్టుకుని బయటికి లాగి కుడితేనే కలుస్తాయి. పైనుంచి చూస్తే మామూలు రెండో డిగ్రీ చిరుగులాగే ఉంటుంది. అందుకే కుట్టు మొదలుపెట్టే ముందు మలద్వారంలో వేలు పెట్టి, బయట బొటనవేలు ఆనించి, రెండు వేళ్ల మధ్య కండరాన్ని తడిమి చూడాలి. అర నిమిషం కూడా పట్టని పని.

మొదటి కాన్పులో

ఆమె దాచుకున్న డిశ్చార్జ్ కాగితంలో మూడే ముక్కలున్నాయి: నార్మల్ డెలివరీ, వాక్యూమ్, కింద కోతకు కుట్లు. చిరుగు ఏ డిగ్రీయో లేదు. బిడ్డ బరువు 3.7 కిలోలు. మిగతాది ఆమె మాటల్లో విన్నదే. గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకున్నాక రెండు గంటలు తోసింది. చివర్లో ఒకావిడ స్టూల్ ఎక్కి పొట్ట మీద రెండు చేతులతో నొక్కింది. “బిడ్డ ఒక్కసారే బయటికొచ్చింది మేడం, చింపుకొని వచ్చినట్టే అనిపించింది” అంది.

పొట్ట మీద నొక్కడం మన దగ్గర ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. ప్రసవ సమయ సంరక్షణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫార్సుల్లో ఇది వద్దని స్పష్టంగా ఉంది. అందరికీ అలవాటుగా కింద కోత పెట్టడం కూడా వద్దని అందులోనే ఉంది. బిడ్డ తల నెమ్మదిగా, ఒక్కో సెంటీమీటరు చొప్పున రావాలి. ఒక చేత్తో తలను ఆపుతూ, ఇంకో చేత్తో కింద చర్మానికి ఆసరా ఇవ్వాలి. తోసే దశలో గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన బట్టను అక్కడ ఆనించి ఉంచితే పెద్ద చిరుగులు తగ్గుతాయి. ఇందుకు డబ్బేమీ ఖర్చు కాదు, కావాల్సింది వెచ్చని నీళ్లు, పక్కన నిలబడే ఓపిక. పొట్ట మీద నొక్కితే ఈ నెమ్మదితనమే పోతుంది.

ఇంటికి వెళ్లాక జరిగింది ఇంకా బాధ కలిగించేది. పుట్టింట్లో పచ్చి బాలింత పథ్యం. పొట్ట పెరుగుతుందని రోజుకు రెండు మూడు గ్లాసుల కంటే నీళ్లివ్వలేదు. అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి, అంతే. కూరగాయల్లేవు, పండ్లు చలవ చేస్తాయని అవీ లేవు. ఐదో రోజుకు మలం రాయిలా గట్టిపడింది. కుట్ల మీద ముక్కి ముక్కి రక్తం వచ్చింది. ఎనిమిదో రోజుకు చీము, వాసన. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఏవో మాత్రలిచ్చాడు. పన్నెండో రోజున కుట్లు విడిపోయాయి. ‘అవే మానిపోతయి’ అన్నారు. మానాయి, నెలన్నర పట్టింది.

ఆమె తల్లిని, అమ్మమ్మను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లకు తెలిసిన ప్రేమ అది, వాళ్ల అమ్మలు వాళ్లకు చేసిందే. తప్పు మాది. కింద కుట్లతో ఇంటికి వెళ్లే బాలింతకు నీళ్లు మందులాంటివని, విరేచనం సాఫీగా అయ్యే సిరప్ కొన్ని వారాలు వాడాలని ఇంటి పెద్దావిడను పక్కన కూర్చోబెట్టి చెప్పాల్సింది మేమే. పథ్యం కాగితం ఇస్తే చాలదు, పథ్యం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు చెప్పాలి. రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు, కావాలంటే కాచి చల్లార్చినవి, కావాలంటే వాము వేసినవి. వాము నీళ్లు అనగానే ఏ అమ్మమ్మా కాదనదు, ఇది నా అనుభవం.

పాపకు మూడో నెల వచ్చాక ఆమె మళ్లీ బీడీల పనిలో కూర్చుంది. బీడీలు చుట్టడమంటే నేల మీద కూర్చుని, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉండడం. బరువంతా మచ్చ మీదే పడుతుంది. ఎడమ పిరుదు మీదకు ఒరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది. నా ఎదుట కుర్చీలోనూ అలాగే కూర్చుంది. ఆ రోజు నేను దాన్ని చూశాను, గమనించలేదు.

ఎలా నిర్ణయించాం

మలద్వార కండరాన్ని లోపలి నుంచి చూసే అల్ట్రాసౌండ్ మా దగ్గర లేదు, హైదరాబాద్ పంపాను. రిపోర్టు వచ్చింది. గడియారం ముఖం అనుకుంటే 11 నుంచి 1 దాకా బయటి కండరంలో ఖాళీ ఉంది. లోపలి కండరం బాగానే ఉంది. అది కాస్త ఊరట, గట్టి మలం ఎందుకు ఆగుతోందో కూడా దానితో అర్థమైంది.

రెండోసారి నార్మల్ అయితే ఏమవుతుంది? ఒకసారి పెద్ద చిరుగు పడ్డవాళ్లకు మళ్లీ పడే అవకాశం నూటికి 5 నుంచి 7. అంటే ఎక్కువమందికి పడదు. ఏ లక్షణాలూ లేకుండా, స్కాన్‌లో కండరం బాగా అతుక్కుని కనిపిస్తే, మూడో డిగ్రీ చిరుగు తర్వాత కూడా నార్మల్‌కు నేను ధైర్యంగా వెళ్తాను, వెళ్లాను కూడా. ఈమె సంగతి వేరు. ఇప్పటికే లక్షణాలున్నాయి, ఖాళీ కనిపిస్తోంది. మళ్లీ చిరగకపోయినా, బిడ్డ తల దిగే ఒత్తిడికి మిగిలిన కండరం, నరాలు ఇంకాస్త దెబ్బతినొచ్చు. ఇప్పుడు ఆగుతున్న గట్టి మలం కూడా రేపు ఆగకపోవచ్చు. ఇలాంటి తల్లికి ముందే నిర్ణయించిన సిజేరియన్ అనే దారి కూడా ఉందని వివరించాలని మార్గదర్శకాలు చెబుతాయి.

రెండో పక్క కూడా ఆమెకు అంతే వివరంగా చెప్పాను. సిజేరియన్ పెద్ద ఆపరేషన్. రక్తం ఎక్కువ పోతుంది, నార్మల్‌కు అర లీటరు లోపు అనుకుంటే దీనికి లీటరు దాకా పోవచ్చు. ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, లోపల పేగులు అతుక్కోవడం, మూత్రాశయానికి దెబ్బ తగలడం లాంటివి అరుదైనా ఉన్నాయి. అన్నిటికంటే నాకు భయం తర్వాతి గర్భాల గురించి. మాయ (కడుపులో బిడ్డకు ఆహారం అందించే భాగం) గర్భసంచిలో కిందికి ఉండి పాత కుట్టు మీద పాతుకుపోతే తల్లి ప్రాణం మీదికొస్తుంది. మాయ కిందికి ఉన్న తల్లుల్లో అలా పాతుకుపోయే అవకాశం అంతకుముందు ఒక సిజేరియన్ అయ్యుంటే నూటికి 11, రెండు అయ్యుంటే 40. ముగ్గురు నలుగురు పిల్లలు కావాలనుకునే తల్లికి నేను ఇంకోలా లెక్క వేస్తాను. ఈమెకు ఇదే చివరి కాన్పు. భర్తతో వీడియో కాల్‌లో మాట్లాడాం, పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అదే సమయంలో చేయమని ఇద్దరూ అన్నారు. ఆ మాట ఏడో నెలలోనే తేల్చుకున్నాం. టేబుల్ మీద పొట్ట తెరిచి ఉండగా తల వైపు నిలబడి అడిగే ప్రశ్న కాదది.

ఆ వీడియో కాల్‌లోనే ఆమె భర్తకు అసలు విషయం చెప్పింది. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఇన్నొద్దులు చెప్పకపోతివి” అన్నాడు. కోపంగా కాదు.

కాన్పుకు ముందు ఆరు నెలలు మా దగ్గర చేతిలో ఉన్నాయి. వాటిని వదులుకోలేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టించాం. గ్యాస్ ఆపుకున్నట్టు బిగించి, లోపలికి పైకి లాక్కుని, కొన్ని సెకన్లు ఉంచి వదలడం. ఒక్కోసారి ఎనిమిది, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు. చాలామంది పొట్టో పిరుదులో బిగించి ఇదే వ్యాయామమనుకుంటారు, ఆమెకూ మొదటి రెండు వారాలు అదే అయింది. ‘ఒక కట్ట బీడీలు అయినప్పుడల్లా ఎనిమిది’ అని తనే గుర్తు పెట్టుకుంది. ఎనిమిదో నెలకు మార్కులు 9 నుంచి 5కు దిగాయి. పరుగెత్తాల్సిన తొందర తగ్గింది. గ్యాస్ మాత్రం పూర్తిగా ఆగలేదు.

రెండో కాన్పు

అత్తమ్మ 37 వారాల 5 రోజులకు ముహూర్తం తెచ్చింది. ఒప్పుకోలేదు. నొప్పులు రాకముందు చేసే సిజేరియన్‌ను 39 వారాల ముందు చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది. 39 దాటాక ఏ రోజైనా సరే, అయ్యగారితో మళ్లీ చూపించి తెమ్మన్నాను. తెచ్చింది. ఈ విషయంలో కుటుంబాలతో గొడవ పడాల్సిన పనిలేదని నా అభిప్రాయం, వారం మన చేతిలో ఉంచుకుని గంట వాళ్లకు వదిలేస్తే సరిపోతుంది.

నడుముకు మత్తు, కోతకు ముందే యాంటీబయాటిక్, పొత్తికడుపు కింద అడ్డంగా కోత. చాలామంది అనుకున్నట్టు పొట్ట కండరాన్ని మేం కోయం. చర్మం, కొవ్వు, కండరం మీది గట్టి పొర కోసి, కండరాలను మధ్యలో రెండు పక్కలకు జరుపుతాం. గర్భసంచిని అడ్డంగా కోసి బిడ్డను తీస్తాం. బాబు, 3.4 కిలోలు. రక్తం 600 మిల్లీలీటర్ల దాకా పోయింది.

ఆపరేషన్ అయిన ఆరు గంటలకు ఇడ్లీ తినింది. ఎనిమిది గంటలకు మంచం దింపి నాలుగు అడుగులు వేయించాం. రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి ఆ అడుగులే మొదటి మందు. మర్నాడు పొద్దున యూరిన్ పైపు తీశాం. నొప్పి మాత్రలు నొప్పి వచ్చాక కాకుండా గంట ప్రకారం ఇచ్చాం. లేవాలంటే నిటారుగా లేవకుండా పక్కకు తిరిగి, మోచేతి మీద ఆనుకుని, కాళ్లు కిందికి జార్చి లేవడం నర్సు నేర్పింది. దగ్గొస్తే దిండును పొట్టకు అదుముకోవాలి.

మూడో రోజు రౌండ్స్‌లో అడిగాను, ఏ కాన్పు నయమని. “మొదటిదే నయం మేడం. అప్పుడు మూడో గంటకు లేచి పాపను ఎత్తుకున్న. ఇప్పుడు పక్కకు తిరగాలంటే పాణం పోతున్నది” అంది. ఆ మాట రాసుకున్నాను, అది నిజం కాబట్టి. మొదటి రెండు వారాలు సిజేరియన్ తల్లికి చాలా కష్టం. బిడ్డను ఎత్తుకోవడం, నేల మీద కూర్చోవడం, బావి దగ్గర వంగడం, అన్నిటికీ పొట్ట అడ్డం. తొమ్మిదో రోజున కుట్టు ఒక కొసన నీరు కారింది. చీము కాదు, జ్వరం లేదు. పది రోజులు కట్టు మార్చాం, మానింది. ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దన్నాను. రెండేళ్లు దాటిన పాప ‘అమ్మా ఎత్తుకో’ అని ఏడిస్తే, ఆమె కింద కూర్చుని ఒళ్లోకి తీసుకునేది.

ఈసారి నీళ్లు తాగింది. వాము నీళ్ల చెంబు అత్తమ్మే మంచం పక్కన పెట్టింది.

ఆరో వారానికి మాట మారింది. మొదటి కాన్పు తర్వాత ఆరో వారంలో ఆమె ఇంకా చీముతో, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఈసారి నిటారుగా కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ఏడో వారంలో బీడీలకు కూర్చుంటే కొత్త ఇబ్బంది మొదలైంది. చాట అంచు సరిగ్గా పొట్ట కుట్టు మీదే ఒత్తుకుంటుంది. తువ్వాలు మడిచి మధ్యలో పెట్టుకుని పని చేసింది. కుట్టు చుట్టూ చర్మం మొద్దుబారి ఉంది, ముట్టుకుంటే ‘వేరేవాళ్ల ఒళ్లు’ లాగా అనిపిస్తుందట. కోతలో తెగిన చిన్న నరాల వల్ల అలా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

ఈ కేసు చదివి సిజేరియన్ మేలని ఎవరైనా అనుకుంటే నేను రాసింది వృథా. మొదటి కాన్పులో తల నెమ్మదిగా వచ్చి, కోత కోణం సరిగ్గా పడి, చివర్లో ఒక్క వేలి పరీక్ష జరిగి, అవసరమైతే థియేటర్‌లో కుట్టి ఉంటే, రెండో కాన్పుకు ఈ ఆపరేషనే ఆమెకు అవసరం పడేది కాదేమో. మామూలుగా జరిగిన నార్మల్ కాన్పు తర్వాత తల్లి కోలుకునే వేగానికి ఏ ఆపరేషనూ సాటి రాదు. అలాగని కింద చిరుగు గురించి మాట్లాడితే తల్లులు భయపడి ఆపరేషన్ అడుగుతారని మేం నోరు మూసుకోవడం కూడా తప్పే. ముందే చెబితే చాలా చేయొచ్చు. తొలి కాన్పు తల్లులు 34 వారాల నుంచి శుభ్రమైన చేతులతో కింది భాగాన్ని నూనెతో మెల్లగా మర్దన చేసుకుంటే కోత అవసరం తగ్గుతుంది. కటి కండరాల వ్యాయామం గర్భంతో ఉన్నప్పుడే నేర్చుకోవచ్చు. సిజేరియన్ అయినవాళ్లకూ ఆ వ్యాయామం అవసరమే, తొమ్మిది నెలల బరువు మోసింది ఆ కండరాలే కదా.

మా లేబర్ రూమ్‌లో మార్చుకున్నవి

ప్రతి నార్మల్ కాన్పు తర్వాత, తల్లికి చెప్పి, ఒప్పుకున్నాక వేలి పరీక్ష చేస్తున్నాం. చిరుగు ఏ డిగ్రీయో కేస్ షీట్‌లోనూ డిశ్చార్జ్ కాగితంలోనూ రాస్తున్నాం. డ్యూటీ డాక్టర్‌కు అనుమానం ఉంటే రాత్రి రెండింటికైనా నన్ను పిలవాలి, అంతవరకు కుట్టకూడదు.

అన్నిటికంటే తేడా తెచ్చింది ఆరో వారంలో అడిగే ప్రశ్న. ఇన్నేళ్లూ ‘ఏమైనా ఇబ్బందా?’ అని అడిగేవాళ్లం. ఏమీ లేదని అందరూ అనేవారు, పక్కన అత్తమ్మో అమ్మో ఉంటుంది మరి. ఇప్పుడు తల్లిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి మా సిస్టర్ నేరుగా అడుగుతుంది: “గాలి ఆపుకోగలుగుతున్నవా? దొడ్డికొస్తే బాత్రూం దాకా ఆగుతున్నదా? దగ్గితే, నవ్వితే మూత్రం పడుతున్నదా? భర్తతో కలిస్తే నొప్పి ఉన్నదా?” ఆడవాళ్లు మాట్లాడుకునే మాటల్లోనే అడగాలి. మొదటి నెలలోనే ఇద్దరు తల్లులు అవునన్నారు. ఒకరికి వ్యాయామం సరిపోయింది. ఒకరిని స్కాన్‌కు పంపాం.

ఇప్పుడు

బాబుకు ఎనిమిదో నెల. మార్కులు 4. పల్చటి మలం ఒకసారి కూడా జారలేదు. గ్యాస్ ఇంకా అప్పుడప్పుడు పోతుంది. చీర ముక్క ఊరికి వెళ్లినప్పుడే పెట్టుకుంటోంది, ఇంట్లో పెట్టుకోవడం లేదు. మొన్న బతుకమ్మకు తొమ్మిది రోజులూ పోలేదు కానీ సద్దుల బతుకమ్మ రోజు వెళ్లిందట, చంకలో బాబుతో, వరసలో చివరన నిలబడి.

తెగిన కండరాన్ని మళ్లీ విప్పి కుట్టే ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం. ఇక కాన్పులు లేవు కాబట్టి ఆ దారి ఆమెకు తెరిచే ఉంది. బాబు పాలు మానేదాకా ఆగుతానంది, ఆ లోపు వ్యాయామంతో ఎంతవరకు వస్తుందో చూద్దామని నేనూ అన్నాను. వయసు పెరిగి నెలసరి ఆగే నాటికి ఈ కండరాలు ఇంకా బలహీనపడొచ్చని, అప్పుడు మళ్లీ లక్షణాలు వస్తే సిగ్గుపడి ఆగొద్దని చెప్పాను. మూడు నెలల తర్వాత రమ్మని రాసిచ్చాను.